కొత్త వంటగదిలో అత్తగారి రోలు ఎక్కడ?

నల్గొండ నుంచి ఒక సోదరి మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరు, వీధి చెప్పవద్దన్నారు కాబట్టి విషయం మాత్రమే చెబుతాను. ఆమె ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలు. వయసు 47. భర్త కూడా ఉద్యోగి. 2003లో ఇల్లు కట్టుకున్నారు. వంటగది పదకొండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. తూర్పున కిటికీ, దాని కింద వంటగట్టు, గట్టు కింద తలుపుల్లేని కడప బండల అరలు. సింకు కింద గోడ నాలుగేళ్లుగా చెమ్మ పట్టి, ఉప్పు పొంగి, సున్నం రాలిపోతోంది. నెలనెలా కట్టుకుంటూ వచ్చిన చీటీ డబ్బు 5 లక్షలు ఈమధ్యే చేతికొచ్చింది. దానితో వంటగది బాగు చేయించుకోవాలని ఆమె కోరిక.

పెద్ద ఆడపడుచు కూతురు హైదరాబాద్‌లో ఇంటీరియర్ డిజైన్ చదివి రెండేళ్లుగా సొంతంగా పనులు చేస్తోంది. ఆ అమ్మాయి ఒక ఆదివారం వచ్చి, గంటసేపు కొలతలు తీసుకుని, వారం తర్వాత ఫోనుకు బొమ్మలు పంపింది. వాటిలో వంటగదికీ హాలుకూ మధ్య గోడ లేదు. కిటికీ సగం మూసుకుపోయి అక్కడ నిలువెత్తు అల్మారా వచ్చింది. తలుపులన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. ఖర్చు మొత్తం 6,40,000 రూపాయలని ఒకే అంకె రాసి, సగం ముందే ఇవ్వమని అడిగింది. భర్త ఈమెకు ఒక్క మాట చెప్పకుండా చీటీ డబ్బులోంచి లక్ష రూపాయలు పంపేశారు. "మా అక్క బిడ్డ, పైకి రావాలి కదా" అన్నారట.

డెబ్భై నాలుగేళ్ల అత్తగారు ఆ బొమ్మలు చూసి, "నా రోలు ఏది? రొట్టెలు ఎక్కడ చేయాలి?" అని అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. అప్పటి నుంచి ఆవిడ పళ్లెం తీసుకెళ్లి వెనక వరండాలో ఒక్కరే కూర్చుని తింటున్నారు. ఇంటి తలుపులు చేసిన పాత వడ్రంగి మేస్త్రీ మాత్రం 3 లక్షల్లో పని అయిపోతుందంటున్నాడు. మాఘంలో కూతురి పెళ్లి ఉంది. దసరా వెళ్లగానే పని మొదలుపెడదామని డిజైనర్ అమ్మాయి తొందరపెడుతోంది. "వద్దంటే పెళ్లి ముందు ఆడపడుచుతో మాట వస్తుంది. సరేనంటే అత్తయ్య సొంత ఇంట్లో పరాయి మనిషి అవుతుంది. డబ్బు నాది, మాటలు అందరివీ. నేనేం చేయాలి?" అని ఆమె అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతున్నప్పుడు రెండో పేజీ చివర ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "గట్టు అప్పట్లో అత్తయ్య ఎత్తుకు కట్టించారు. నేను వంగి వండుతాను, రాత్రికి నడుము పట్టేస్తుంది" అని రాశారు. మూడు పేజీల్లో మీ కోసం మీరు రాసుకున్న మాట ఇదొక్కటే. మిగిలినదంతా భర్త ఏమన్నారు, ఆడపడుచు ఏమనుకుంటుంది, మేస్త్రీ ఎంత చెప్పాడు అనే. మీరు ఇరవై ఏళ్లుగా వంగి వండుతున్నారు. చీటీ కట్టింది ఆ నొప్పి పోవడానికి. మరి మీరు జతచేసిన ఆ అంచనా కాగితంలో గట్టు ఎత్తు ఎంత ఉండాలో ఎక్కడా లేదు. తలుపుల రంగు ఉంది.

అందుకే డిజైనరా, మేస్త్రీయా అనే ప్రశ్నను కొద్దిరోజులు పక్కన పెట్టండి. ఆ వంటగదిలో ఎవరు, ఏ వేళ, ఏం వండుతారో తేలకుండా ఎవరికి పని ఇచ్చినా ఫలితం ఒకటే. ఆ అమ్మాయి బొమ్మ అందంగా ఉండవచ్చు. అది మీ ఇంట్లో జరిగే వంటను చూసి గీసిన బొమ్మ కాదు. ఆదివారం గంటసేపు వచ్చిన మనిషికి పొద్దున ఆరింటికి జొన్నపిండిలో వేడినీళ్లు పోసి పిసికి, పీట మీద అరచేతితో తట్టి రొట్టె చేయడం ఎలా తెలుస్తుంది? ఇక్కడ ఒక సంగతి మీరంతా మరిచిపోయారనిపిస్తోంది. మీ అత్తగారు ఆ అమ్మాయికి అమ్మమ్మ. చిన్నప్పుడు సెలవులకు వచ్చి ఆ పిల్ల తిన్నది ఆ చేతి రొట్టెలే. కాబట్టి ఆ అమ్మాయిని మరోసారి పిలవండి. ఈసారి ముందురోజు రాత్రే రమ్మనండి. పొద్దున అమ్మమ్మ పక్కన కూర్చుని, ఆవిడ రొట్టెలు చేస్తుంటే చూడమనండి. ఆ తర్వాత మీరు బడికి వెళ్లే హడావిడిలో వండే గంటా చూడమనండి. పని నేర్చుకోవాలనుకునే డిజైనర్ అయితే ఆ రెండు గంటల్లోనే బొమ్మ మార్చుకుంటుంది.

ఆ రోజే గట్టు ఎత్తు తేల్చుకోండి. చెప్పులు లేకుండా నిటారుగా నిలబడి మోచేయి మడవండి. నేల నుంచి మోచేతి వరకు కొలిచి, అందులోంచి నాలుగైదు అంగుళాలు తీసేయండి. కూరలు తరగడానికి మీకు సరిపడే ఎత్తు సుమారుగా అదే. పొయ్యి ఉండే చోట ఇంకాస్త తగ్గినా మంచిదే, గిన్నె ఎత్తు కూడా కలుస్తుంది కదా. మీరు అయిదడుగుల నాలుగంగుళాలు ఉంటానని రాశారు. ఇప్పటి మీ గట్టు ముప్పై అంగుళాలు. కొలిచి చూస్తే తేడా అయిదు అంగుళాల దాకా రావచ్చు. గట్టు పెంచితే అత్తగారికి అందదు, అది నిజం. ఆవిడ ఎలాగూ కూర్చునే రొట్టెలు చేస్తారు కాబట్టి, వెనక వరండాలో గోడ చాటున మూడడుగుల చోటు ఇచ్చి, నాపరాయి పరిచి, చేతికందే ఎత్తులో ఒక కొళాయి, చిన్న పొయ్యి పెట్టిస్తే ఆవిడ వంటగది ఆవిడకు ఉంటుంది. మొత్తం ఖర్చులో ఇది చాలా చిన్న భాగం. అయితే ఇది ఆవిడకు తీర్పు చెప్పినట్టు చెప్పకండి. "అత్తయ్యా, మీకు ఎక్కడ వీలుగా ఉంటుంది?" అని ముందు అడగండి. ఆవిడ వరండాలో తింటున్నది కోపంతో మాత్రమే కాదు. తను అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు, అదీ బాధ. వరండాలోకి పంపేశారన్న భావం కలిగితే ఆ చోటు ఎంత బాగా కట్టించినా వాడరు. లోపలే కావాలంటే లోపలే ఒక మూల తీయండి.

ఇక బొమ్మలో నాకు భయం కలిగించిన విషయం ఒకటుంది. హాలుకూ వంటగదికీ మధ్య గోడ తీసేయడం. ఆ రోజుల్లో మన జిల్లాల్లో కట్టిన ఇళ్లలో పిల్లర్లు లేకుండా స్లాబు బరువంతా గోడల మీదే నిలిచినవి చాలా ఉన్నాయి. ఆ గోడ మందం ఎంతో కొలవండి. తొమ్మిది అంగుళాలుంటే అది స్లాబును మోస్తున్న గోడ కావచ్చు. నాలుగున్నర అంగుళాలైతే అడ్డుగోడ అయ్యే అవకాశం ఎక్కువ. ఏదైనా సరే, సివిల్ ఇంజినీరు వచ్చి చూసి కాగితం మీద రాసివ్వకుండా ఒక్క ఇటుక కూడా కదలనివ్వకండి. ఇంటీరియర్ డిజైనర్ చెప్పడం ఇందుకు సరిపోదు, మేస్త్రీ చెప్పడం కూడా సరిపోదు. పడగొట్టవచ్చని తేలినా నేను తొందరపడను. మిరపకాయల పోపు, చేపల పులుసు, పెనం మీద మాడిన పిండి పొగ ఇవన్నీ హాల్లోకి, అక్కడి నుంచి సోఫా బట్టల్లోకి చేరతాయి. మీకు మనుషుల మధ్య ఉంటూ వండుకోవాలనుంటే గోడలో ఒక వెడల్పాటి కిటికీ తీయించుకోవచ్చు. దానికీ ఇంజినీరు మాట కావాలి.

తూర్పు కిటికీని మూయవద్దు. ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతాను. సిలిండరులో వచ్చే వంటగ్యాసు గాలికంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. పైన చిమ్నీ ఉంది కదా అన్న ధైర్యం అందుకు పనికిరాదు. కిటికీతో పాటు నేల దగ్గర కూడా గాలి బయటికి పోయే జాలీ ఒకటి ఉండాలి. సిలిండరు పెట్టే అరకు పూర్తిగా మూసుకునే తలుపు పెట్టకూడదు, కింద రంధ్రాలున్న తలుపే పెట్టాలి. చిమ్నీ కావాలనుకుంటే గొట్టం బయటికి వెళ్లేదే తీసుకోండి.

ఇప్పుడు డబ్బు సంగతి. 6,40,000, 3,00,000 అనే రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసి మీరు కంగారు పడుతున్నారు. ఆ రెండూ ఒకే పనికి చెప్పిన ధరలు కావు. మేస్త్రీ చెప్పింది చెక్కపనికి. అందులో గ్రానైటు, పైపులు, టైల్సు, కరెంటు, పగలగొట్టిన చెత్త ఎత్తిపోయడం ఉండవు. అవన్నీ కలిపితే ఆయన లెక్క ఎక్కడిదాకా పోతుందో ఆయనకే తెలియదు. అమ్మాయి చెప్పిన దాంట్లో ఏమేం ఉన్నాయో మీకు తెలియదు. అందుకని ఆమెను విడివిడిగా రాసిమ్మని అడగండి. అల్మారాల డబ్బా భాగం ఏ చెక్కతో, తలుపులు దేనితో, ఎన్ని చదరపు అడుగులు, అడుగుకు ఎంత, కీళ్లు, సొరుగుల పట్టాలు ఏ రకం, గ్రానైటు ఎంత, తన రుసుము ఎంత, జీఎస్టీ ఆ అంకెలో కలిసిందా, పైన 18 శాతం వేస్తారా. ఆమె కాగితంలో "ఇంజినీర్డ్ వుడ్" అని రాసి ఉంది. ఆ మాట కింద చెక్కనారను అదిమి చేసిన ఎండీఎఫ్ రావచ్చు, చెక్కపొట్టు అతికించి చేసిన పార్టికల్ బోర్డు కూడా రావచ్చు. ప్లైవుడ్ అయితే దాని మీద భారతీయ ప్రమాణం (ఐఎస్) నంబరు ముద్ర ఉంటుంది. ఐఎస్ 710 అంటే మెరైన్ రకం, నీటిని బాగా తట్టుకుంటుంది. ఐఎస్ 303లో రెండు రకాలు ఉన్నాయి. బీడబ్ల్యూఆర్ అంటే మరిగే నీటిని తట్టుకునేది, వంటగదికి పనికొస్తుంది. ఎంఆర్ అంటే కొద్దిపాటి తేమను మాత్రమే తట్టుకునేది, తడి తగిలే చోట వద్దు. షీట్లు ఇంటికి వచ్చిన రోజు, కోయకముందే, ముద్ర చూసి ఫొటో తీసుకోండి.

నేను ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. మహబూబ్‌నగర్‌లో మా ఇంటి వంటగదికి మెరిసే తలుపులు పెట్టించుకున్న రెండో వానాకాలానికి సింకు కింద డబ్బా అటుకుల్లా ఉబ్బిపోయింది. లోపలున్నది పార్టికల్ బోర్డు అని అప్పుడు తెలిసింది. పోయిన డబ్బుకంటే, రోజూ ఆ తలుపు తీసినప్పుడల్లా కలిగిన బాధ ఎక్కువ. మీ గోడకు ఇప్పటికే చెమ్మ ఉంది. ముందు ఆ లీకు ఎక్కడిదో వెతికి, పైపు మార్చి, గోడ పూర్తిగా ఆరాకే దాని దగ్గరికి చెక్క రావాలి. సింకు కింద అయితే అసలు చెక్క డబ్బా వద్దు. మీ కడప బండలను తీసిపారేయాలని బొమ్మలో ఉంది. వాటికి చెదలు పట్టవు, నీళ్లు తగిలినా ఉబ్బవు. వాటిని అలాగే ఉంచి, ముందువైపు అల్యూమినియం చట్రంతో తలుపులు మాత్రం బిగించుకోవచ్చు. గట్టు ఎత్తు పెంచేటప్పుడు కింద ఒక వరుస పెంచి అవే బండలను మళ్లీ వాడుకోవచ్చు. ఖర్చు బాగా తగ్గేది ఇక్కడే. కాకపోతే లోపలి అరలు సొరుగుల్లా బయటికి జారవు, కింద అరలోంచి డబ్బా తీయాలంటే వంగాలి. మీ నడుము కోసం రోజూ వాడే పప్పు, పిండి, నూనెలకు రెండు మూడు సొరుగులు మాత్రం చేయించుకుని, మిగిలినవి బండల మీదే ఉంచండి. మెరిసే తెల్ల తలుపులకంటే కొంచెం గరుకు, లేత రంగు లామినేట్ మేలు. మన బోరునీళ్ల ఉప్పు మరకలు నునుపైన వాటి మీద రోజూ కనిపిస్తూనే ఉంటాయి. తాగే నీళ్లకూ బోరునీళ్లకూ గొట్టాలు వేరుగా వేయించండి. ఫిల్టరు వదిలే నీళ్లు ఎటు పోవాలో ఇప్పుడే చెప్పండి, గోడ మూసేశాక చెప్పినా లాభం లేదు.

ఇక బంధుత్వం. బయటి సంస్థకు డబ్బిచ్చి పని చెడితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. ఆడపడుచు కూతురి మీద మీరు ఫిర్యాదు చేస్తారా? చేయరు. బంధువుకు పని ఇచ్చినప్పుడు మనం వదులుకునేది ఇదే. కాబట్టి వాళ్లతోనే కాగితం మరింత స్పష్టంగా రాసుకోవాలి. అది అపనమ్మకం కాదు, రేపు ఇద్దరికీ మాట పడకుండా ఉండటానికి.

నాకు కనిపిస్తున్న దారులు ఇవి. మొదటిది, పనంతా ఆ అమ్మాయికే ఇవ్వడం. అప్పుడు బొమ్మ మార్చాలి, ఖర్చు మీ 5 లక్షల్లోపే ఉండాలి, డబ్బు పని జరిగినకొద్దీ ఇవ్వాలి, పదో వంతు మాత్రం పని అయిపోయిన నెల తర్వాతే ఇవ్వాలి. ఆమెకు మేలు జరుగుతుంది, మీకు ఒకే మనిషితో మాట్లాడే సుఖం ఉంటుంది. అయితే హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లు ఆమె ఎన్నిసార్లు వస్తుంది? తను లేని రోజు పనివాళ్లను ఎవరు చూస్తారు? దీనికి ఆమె దగ్గర జవాబు లేకపోతే ఆ చూసుకునే పని బడి నుంచి అలసి వచ్చిన మీ మీద పడుతుంది.

రెండోది, డిజైన్ ఆమెది, పని మీ మేస్త్రీది. ఇచ్చిన లక్షను ఆమె బొమ్మలకు, కొలతల డ్రాయింగులకు, నాలుగుసార్లు వచ్చి చూసి వెళ్లడానికి రుసుముగా లెక్క కట్టుకోమనండి. లక్ష ఎక్కువే. కొంత తిరిగిస్తే తీసుకోండి, ఇవ్వకపోతే మీ భర్త మేనకోడలికి ఇచ్చిన కానుకగా దాన్ని ఆయన ఖాతాలో రాసుకోమనండి, మీ చీటీ ఖాతాలో కాదు. నా మనసు ఈ దారి వైపే ఉంది. ఇందులోనూ ఒక చిక్కుంది. డ్రాయింగు చూసి పని చేయడం మీ మేస్త్రీకి అలవాటు లేకపోతే, ఏదైనా తేడా వచ్చినప్పుడు తప్పు ఆయనదని ఆమె, ఆమెదని ఆయన అంటారు. అందుకని మొదటిరోజు ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి, ఏ కొలత ఎక్కడో గోడ మీద బొగ్గుతో గీయించండి.

మూడోది, పూర్తిగా మేస్త్రీకే ఇవ్వడం. ఖర్చు తగ్గవచ్చు, ఆడపడుచు నొచ్చుకోవడం మాత్రం ఖాయం. సొరుగులు, లైట్లు, ప్లగ్గులు ఎక్కడ రావాలో ఆలోచించే బాధ్యత మీదే అవుతుంది.

వీటన్నిటికంటే ముందు తేల్చాల్సింది ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. పగలగొట్టడం, పైపులు, ప్లాస్టరింగు ఆరడం, టైల్సు, గ్రానైటు, చెక్కపని కలిపి ఏ అడ్డంకీ లేకపోతేనే రెండు నెలలు. మధ్యలో దీపావళి ఉంది, సంక్రాంతికి పనివాళ్లు ఊళ్లకు వెళ్తారు. పెళ్లికూతురికి పసుపు రాసే రోజున ఇంట్లో సిమెంటు బస్తాలు ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పెళ్లి వంట ఎలాగూ వంటవాళ్లే చేస్తారు, వచ్చిన చుట్టాలు మీ అల్మారాలు చూసి వెళ్లరు. పైగా చేతిలో ఉన్న డబ్బంతా ఇక్కడ పోసేసి పెళ్లికి అప్పు వెతుక్కోవడం నాకు సరైన పని అనిపించదు. నేనైతే ఇప్పుడు లీకు బాగు చేయించి, గోడకు ప్లాస్టరింగు చేయించి ఆపేస్తాను. మిగతా పని ఉగాది తర్వాత. ఎండాకాలం గోడలు త్వరగా ఆరతాయి, మీకు బడి సెలవులూ వస్తాయి. అంతకాలం పాత గట్టు దగ్గరే వంగాల్సి వస్తుంది, అది తక్కువ కష్టం కాదని నాకు తెలుసు. అప్పటివరకు పొయ్యి కింద నాలుగంగుళాల రాతి పలక వేసుకుని, తరిగే పని బల్ల దగ్గర కూర్చుని చేయండి.

ఈ వాయిదా ఆడపడుచు విషయంలోనూ మీకు సాయపడుతుంది. మీరు "వద్దు" అనడం లేదు, "పెళ్లయ్యాక" అంటున్నారు. కానీ దాన్ని సాకుగా వాడి తర్వాత మాట దాటేయకండి. ఆడపడుచుతో కాదు, నేరుగా ఆ అమ్మాయితోనే మాట్లాడండి. "బిడ్డా, నీ పని నాకు కావాలి. ఈ బొమ్మలో నేను, మీ అమ్మమ్మ లేము. మా ఇద్దరినీ చూసి మళ్లీ గీయి. పని పెళ్లి తర్వాత మొదలుపెడదాం. నీకు ఇప్పటికే ఇచ్చిన లక్షతో కలిపి నా డబ్బు 5 లక్షలే, ఒక్క రూపాయి ఎక్కువ లేదు" అనండి. డబ్బు ఎంతుందో దాచకుండా చెబితే డిజైనర్‌కు కూడా పని తేలికవుతుంది.

భర్తతో మాత్రం ఇంతకంటే ముందే, ఈ రాత్రే మాట్లాడండి. అక్క బిడ్డకు చేయూతనివ్వాలన్న ఆయన ఆలోచన మంచిది. మీరు కట్టిన చీటీలోంచి మీకు చెప్పకుండా ఇవ్వడం తప్పు. పెళ్లి పనుల్లో ఇంకా ఎన్నో చెల్లింపులు ఇద్దరూ కలిసి చేయాలి. ఇక మీదట ఈ పనికి ఏ డబ్బైనా మీ చేతి మీదుగానే వెళ్లాలని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పండి. అక్కకు ఫోను చేసి పని పెళ్లి తర్వాతికి జరిపామని చెప్పే బాధ్యత కూడా ఆయనకే ఇవ్వండి. అన్నీ మీరే మోయకండి.

అత్తగారి దగ్గరికి రేపు పొద్దున మీ పళ్లెం కూడా తీసుకుని వరండాలోకే వెళ్లండి. తింటూ, రోలు ఎక్కడ ఉంటే వీలుగా ఉంటుందో ఆవిడనే చూపించమనండి. ఆవిడ చూపించిన చోటును కొలిచి డ్రాయింగులో గుర్తు పెట్టించండి. కింద టైల్సు పరిచాక అంత బరువును మళ్లీ జరిపితే పలకలు పగులుతాయి, కాబట్టి రోలు ముందు కూర్చోవాలి, దాని చుట్టూ టైల్సు రావాలి.